సరంగు బంగారయ్య విస్మరణ పట్టా

కొల్లాటి బంగారయ్య గోదావరి మీద ముప్ఫై రెండేళ్లు పంటు నడిపాడు. ఆ ముప్ఫై రెండేళ్లలో ఒక్క మనిషిని కూడా నీళ్లపాలు చెయ్యలేదు. ఒకసారి ఒక మేకపోతు మాత్రం నడిమధ్యలో తనంతట తానే దూకి, ఈదుకుంటూ పంటుకంటే ముందు అవతలి రేవు చేరి, యజమాని వచ్చేదాకా టీకొట్టు బల్ల దగ్గర నిలబడి ఉందని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. ఆ మేకపోతు టీ కూడా తాగిందని చెప్పేవాళ్లున్నారు గానీ, అంతవరకూ మనం నమ్మనక్కర్లేదు.

ఇవతల చింతలరేవు, అవతల మూలలంక, మధ్య ముప్పావు మైలు నీళ్లు. బల్లపరుపు ఇనప పంటు, దాని పక్కన కట్టిన లాంచీ, లాంచీలో చుక్కాని చక్రం, ఆ చక్రం వెనక బంగారయ్య. రోజుకి పద్నాలుగు దాట్లు. మోటారుసైకిళ్లు, కొబ్బరి బస్తాలు, చేపల తట్టలు, పురిటికెళ్లే కోడళ్లు, కోర్టుకెళ్లే అన్నదమ్ములు, అందరూ ఆయన వెనకాలే నిలబడి నది దాటేవాళ్లు. అన్నదమ్ములైతే ఒకరు ఈ చివరా ఒకరు ఆ చివరా నిలబడేవాళ్లు. దానివల్ల బరువు సరిగ్గా సర్దుకునేదని బంగారయ్య వాళ్ల దావా తొందరగా తేలకూడదని కోరుకునేవాడు.

అలాంటి మనిషి యాభై నాలుగో ఏట మళ్లీ బడికి పోవలసి వచ్చింది.

జలరవాణా మండలి నుంచి ఒక ఉత్తర్వు దిగింది. ఇకమీదట పట్టా లేని చెయ్యి చుక్కాని ముట్టుకోరాదని, దసరా లోపల జలయాన నిర్వహణ కోర్సులో మొదటి మెట్టయినా దాటని సరంగులను తాడు విసిరే పనిలోకి మార్చడమవుతుందని, వారి స్థానంలో పట్టాదారులైన యువకులను నియమించడమవుతుందని అందులో ఉంది. తాడు విసరడమంటే రేవు దగ్గరపడగానే గట్టు మీదికి తాడు గిరాటేసి, పంటు ఆగాక మళ్లీ చుట్టుకుని కూర్చోవడం. బంగారయ్య పదకొండో ఏట ఆ పనితోనే పడవెక్కాడు. మళ్లీ ఆ తాడు దగ్గరికే పొమ్మంటున్నారు.

ఆయన చదువు అయిదో తరగతి. ఆరులో చేరిన రెండో రోజున తండ్రి వెంట పడవ మీదికి పోయాడు. "సెలవు చీటీ ఇవ్వకుండా వచ్చేశానండి. ఆ మేష్టారు పాపం ఏ లోకంలో ఉన్నారో గానీ, నా పేరు దగ్గర హాజరు పట్టీ తెరిచే ఉంచి ఉంటారు," అని తన మీద తనే చెప్పుకుని నవ్వేవాడు.

సర్వజన దూరవిద్యా పీఠంవారు ఆ కోర్సును ఫోనులోనే చెబుతారని, యాభై దాటినవారికి ఏ షరతూ లేకుండా సీటిస్తారని తెలిసింది. బంగారయ్య చేరాడు. వారం తిరక్కుండా విద్యార్థి గుర్తింపు కార్డు వచ్చింది. దాని మీద ఆయన ఫొటో, పక్కనే సరస్వతీదేవి. ఆయన దాన్ని మెళ్లో వేసుకుని పంటు మీద నాలుగు దాట్లు అటూ ఇటూ తిరిగాడు. ఎండ పడ్డప్పుడు దాన్ని అందరికీ కనపడేటట్టు కొంచెం తిప్పేవాడని, అది గాలికి తిరిగిందని ఆయన బుకాయించేవాడని కూడా చెప్పాలి.

భార్య వరాలమ్మ ఆ కార్డును అటూ ఇటూ తిప్పి చూసింది. "మనవడిది ఒకటో తరగతి. నీదేటి? ఇద్దరికీ కలిపి ఒకే క్యారేజీ కట్టెయ్యనా?" అంది.

అసలు చిక్కంతా తర్వాత ఫోనులో నింపిన కోర్సు దరఖాస్తులో ఒక గడి దగ్గర వచ్చింది. 'ఈ రంగంలో మీకు గల అనుభవం' అని అడిగిన చోట బంగారయ్య గుండె నిండా గాలి పీల్చుకుని ముప్ఫై రెండేళ్లు అని నింపాడు. ఫోను తెర ఎర్రబడింది. మర్నాడు మధ్యాహ్నం డాక్టర్ పరంజ్యోతిగారు స్వయంగా ఫోను చేశారు. ఆయన పీఠంలో విస్మరణ విభాగానికి అధిపతి. మాట మెత్తగా, నెమ్మదిగా, ప్రతి వాక్యం కింద సంతకం ఉన్నట్టుగా ఉంటుంది.

వయోజన విద్యకు ప్రధాన అవరోధం అనుభవమేనని తాజా పరిశోధనలు నిర్ద్వంద్వంగా రుజువు చేశాయని ఆయన వివరించారు. ఏమీ తెలియని మనిషికి మూడు నెలల్లో అన్నీ నేర్పవచ్చు. తెలిసిన మనిషికి ముందుగా తెలిసినదంతా తొలగించాలి. అందుకని అయిదేళ్లకు మించిన అనుభవం గల అభ్యర్థులు మొదటి మెట్టుగా 'పూర్వానుభవ విస్మరణ' అనే ఎనిమిది వారాల కోర్సు పూర్తి చెయ్యాలి. ఆ విస్మరణ పట్టా చూపిస్తే దసరా గడువు తీరినట్టే. అసలు పాఠాలు తర్వాత తాపీగా చెప్పుకోవచ్చు.

"అంటే ముందు మర్చిపోవాలాండి?" అన్నాడు బంగారయ్య.

"మరచిపోవడం అనకండి. అది అలసత్వం. మనది శాస్త్రీయమైన, దశలవారీ విస్మరణ," అన్నారు పరంజ్యోతిగారు.

ఆ గడిలో సున్నా వేసుకోవచ్చునా అని బంగారయ్య అడిగాడు. ఒకసారి నమోదైన అనుభవాన్ని దిద్దడానికి నిబంధనలు ఒప్పుకోవు, అనుభవించి పోగొట్టుకోవలసిందే అని జవాబొచ్చింది. బంగారయ్య ఫోను పెట్టేసి చాలాసేపు తనను తనే తిట్టుకున్నాడు. పొరుగు రేవు సరంగు, తనకంటే నాలుగేళ్లు పెద్దవాడు, ఆ గడిలో ఏమీ రాయకుండా వదిలేసి నేరుగా అసలు కోర్సులోకి పోయాడు. అతనికి చేతకాక వదిలేస్తే కలిసొచ్చింది. తనకి ఒక్క సున్నా చుట్టడానికి ముప్ఫై రెండేళ్ల గర్వం అడ్డొచ్చింది.

పాఠాలు మధ్యాహ్నం రెండింటికి. ఆ వేళకి పంటు చింతలరేవులో ఆగి ఉంటుంది. బంగారయ్య ఫోనును లాంచీ అద్దానికి తాడుతో కట్టి, కార్డు మెళ్లో వేసుకుని, పెట్టె మీద కూర్చునేవాడు. తెర మీద చిన్న చిన్న గళ్లలో యాభై ఇద్దరు విద్యార్థులు. అందరూ తలలు నెరిసినవాళ్లే. పెళ్లిళ్లకు వండే వంటాయన ఒకరు, మంత్రసాని ఒకామె, లారీ డ్రైవర్లు, దర్జీలు, ఒక బావులు తవ్వే ఆసామి. పాఠం చెప్పే అమ్మాయి పాతికేళ్లది, మర్యాదస్తురాలు. మనసును కడిగి బోర్లించిన గిన్నెలాగా ఉంచుకోమని, ఆ గిన్నెలో అడుగున అంటుకున్నది ఏదైనా కనిపిస్తే గోకి పారెయ్యమని చెప్పింది. వంటాయన కన్నీళ్లు పెట్టుకున్నాడు. తనకి గిన్నె అంటే మళ్లీ వంటే గుర్తొస్తోందని, ఈ ఉపమానం మార్చాలని ఆయన అర్జీ పెట్టుకున్నాడు. అర్జీని పరిశీలనకు తీసుకున్నారు.

రోజూ రాత పని ఉండేది. ఉద్యోగంలో ఉన్న విద్యార్థులు విధి నిర్వహణలో ఎన్నిసార్లు పాత సంగతులు గుర్తు తెచ్చుకున్నారో నిజాయితీగా రాసి పంపాలి. దానికి స్మృతిదోష పట్టిక అని పేరు. మొదటి రోజు బంగారయ్య, "ఈ దినం పద్నాలుగు దాట్లు వేశాను. పద్నాలుగుసార్లూ జ్ఞాపకం వచ్చింది. క్షమించగలరు," అని రాశాడు.

కుటుంబ సభ్యుల సాక్ష్యం మరొకటి. అభ్యర్థి ఇంటి దగ్గర విస్మరణ సాధన చేస్తున్నదీ లేనిదీ భార్య రాసి సంతకం చెయ్యాలి. వరాలమ్మ ఆ కాగితం చూసి కళ్లద్దాలు తెప్పించుకుంది. ఉప్పు తెమ్మంటే సబ్బు తెచ్చిన రోజు దగ్గర మొదలుపెట్టింది. తన తమ్ముడి గృహప్రవేశం సంగతి, ఆసుపత్రిలో తనని దింపేసి డాక్టరు రాసిచ్చిన చీటీ కోసం ఇంటికెళ్లి, అక్కడ భోంచేసి పడుకున్న సంగతి, కూతురి పుట్టినరోజు అడిగితే వానాకాలం అని చెప్పిన సంగతి, అన్నీ రాసింది. చోటు చాలక అదనపు కాగితాలు జతపరిచింది. పీఠంవారు ఇరవైకి ఇరవై వేసి, ఇంతటి సహజ ప్రతిభ గల అభ్యర్థి తమ దృష్టికి రావడం ఇదే ప్రథమమని అభినందించారు.

"ముప్ఫయ్యేళ్ల కాపరంలో నా వల్ల నీకు జరిగిన మేలు ఇదొకటి," అంది వరాలమ్మ, కాగితం మడుస్తూ.

అయినా మొదటి పరీక్షలో ఆయనకి నూటికి పదకొండు వచ్చాయి. పరీక్ష ఫోనులోనే. నది బొమ్మ ఒకటి చూపించి, ఈ నీరు ఎటు పోతోంది అని అడిగారు. కింద నాలుగు జవాబులు: తెలియదు, చెప్పలేను, పెద్దలను అడగాలి, సముద్రం వైపు. బంగారయ్య సముద్రం వైపు అన్నాడు. రెండు మార్కులు పోయాయి. నీటి రంగు మారితే ఏమని గ్రహించాలి అని అడిగారు. ఆయన అడుగున ఇసక మేట వేసిందని రాశాడు. నాలుగు పోయాయి.

అన్నిటికంటే పెద్ద దెబ్బ పెదవులవల్ల తగిలింది. ఆ రేవులో సరంగులు చక్రం తిప్పేటప్పుడు గట్టు మీది ఆనవాళ్లను పైకి చదువుతారు. రెండు ఆనవాళ్లు ఒకదాని వెనకొకటి ఒకే వరసలోకి వస్తే పడవ సరైన దారిలో ఉన్నట్టు. "ట్యాంకు టవరెనక్కి ఎల్లేదాకా ఎడం పట్టు. చర్చి శిలువ మిల్లు గొట్టం మీదకొచ్చిందా, ఇక కుడి పట్టు," అని ఇలా. బంగారయ్యకు తండ్రి అలా నేర్పాడు. తండ్రి రోజుల్లో సెల్ టవరు లేదు, ఒక తాటిచెట్టుండేది, అంతే తేడా. చదవడం కూడా మామూలుగా కాదు, ఇంజను చప్పుడును మించి వెనక చివర ఉన్నవాళ్లకి వినపడేటట్టు కేక వెయ్యడమే. అలవాటైన ఆ పెదవులు పరీక్షలో నది బొమ్మ కనపడగానే వాటంతట అవి కదిలాయి. ఫోను వెంటనే పట్టేసింది. 'స్మృతి గుర్తించబడింది' అని మూడుసార్లు హెచ్చరించి, అరవై మార్కులు కోసేసింది.

ఫలితాలు అందరి పేర్లతోనూ వేశారు. బంగారయ్యది యాభై రెండో స్థానం. బావులు తవ్వే ఆసామి కూడా ఆయనకంటే ముందున్నాడు. పంటు మీద ఈ సంగతి తెలియనివాళ్లు లేరు. చేపలమ్మే గంటా లోవమ్మ, పాతికేళ్లుగా తట్ట దించకుండా నది దాటే మనిషి, మర్చిపోడానికి కూడా ట్యూషను పెట్టించుకోవాలా సరంగన్నా అని అడిగింది. మర్చిపోవడంలో తప్పిన మొదటి మగాడివి నువ్వేనని కూడా అంది. బంగారయ్య అందరితోపాటు నవ్వాడు గానీ, ఆ నవ్వు వెనక తాడు కనపడుతూనే ఉంది. పాతికేళ్ల కుర్రాడెవరో చక్రం పట్టుకుని "తాతా, విసురు" అంటే తను విసరాలి.

ఆ రోజునుంచి బంగారయ్య చదువులో పడ్డాడు. ఏ పనైనా చేస్తే ఒళ్లు దాచుకోకుండా చెయ్యడం ఆయన గుణం. తెలిసినదాన్ని తెలియనట్టు ఎలా చూడాలో సాధన చేశాడు. టవరును చూసి ఇదేమిటో అనుకునేవాడు. ట్యాంకును చూసి దీన్నెవరు కట్టారో, ఎందుకు కట్టారో అనుకునేవాడు. పెదవులు కదలకుండా నోట్లో తమలపాకు పెట్టుకునేవాడు. కేకలు మానేశాడు. పంటు మీద ముప్ఫై రెండేళ్లలో మొదటిసారి ఇంజను చప్పుడు ఒక్కటే వినపడడంతో, వెనక నిద్రపోయే అలవాటున్నవాళ్లకి నిద్ర పట్టడం మానేసింది.

పట్టికలో పద్నాలుగు పన్నెండయింది. పన్నెండు తొమ్మిదయింది. "ఈ దినం తొమ్మిదిసార్లు మాత్రమే జ్ఞాపకం వచ్చింది," అని ఆయన సంతోషంగా రాసి పంపాడు. మిగిలిన అయిదుసార్లు పంటు ఎలా దాటిందని పీఠంవారు అడగలేదు. ఒకసారి రేవు అనుకుని రేవుకు రెండు ఫర్లాంగుల దిగువన కొబ్బరితోటకి తగిలించాడు. దిగినవాళ్లు తోటలోంచి నడుచుకుంటూ పోయారు. ఆ తోట యజమాని కోర్టుకెళ్లే అన్నదమ్ముల్లో చిన్నవాడు కావడంవల్ల పెద్దవాడు దావాలో ఇంకో కాగితం వేశాడు.

చివరి రాత పరీక్షలో బంగారయ్యకి తొంభై రెండు వచ్చాయి. మొదటి స్థానం. ఆయన ఆ మార్కుల కాగితాన్ని లాంచీలో అద్దం పక్కన, ఆంజనేయస్వామి పటం కింద అంటించాడు. తనకి తెలిసిందే నాలుగు ముక్కలని, అందులో మూడు పోగొట్టినందుకు ఇంత పేరొచ్చిందని, నాలుగోది కూడా పోతే ఏకంగా సన్మానమే చేస్తారేమోనని అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పాడు.

ఇక మిగిలింది ప్రత్యక్ష పరీక్ష. దసరాకి పది రోజుల ముందు పరంజ్యోతిగారు, ఆయన వెంట పరీక్షా కమిటీ సభ్యులు ఇద్దరు చింతలరేవులో దిగారు. ముగ్గురికీ నారింజ రంగు ప్రాణరక్షణ చొక్కాలు. పరీక్ష సహజ వాతావరణంలో జరగాలి గనుక ప్రయాణికుల్ని యథావిధిగా ఎక్కించమన్నారు. అరవై ముగ్గురెక్కారు. లోవమ్మ తట్టతో ఎక్కింది. మూలలంకలో చుట్టాల్ని చూడాలని వరాలమ్మ కూడా ఎక్కింది గానీ, ఆవిడ ఎందుకెక్కిందో బంగారయ్యకి తెలుసు.

నిబంధన ఒక్కటే. అభ్యర్థి చక్రం దగ్గర నిలబడి, ఏనాడూ నది మొహం చూడని మనిషిలాగా నడపాలి. పూర్వజ్ఞానం జాడ కనిపించిన ప్రతిచోటా అయిదు మార్కులు తగ్గుతాయి. కాగితం మీద అనుమతి లేకుండా, ఎవరి నోటి మాట మీద గుర్తు తెచ్చుకున్నా మొత్తం మార్కులు రద్దు. ఇది రాతపూర్వకంగా ఇచ్చి, బంగారయ్య చేత సంతకం చేయించుకున్నారు.

చక్రం చూపించి ఇదేమిటని అడిగారు. ఎడ్లబండిది కాబోలు, ఇక్కడెందుకు పెట్టారో అన్నాడు బంగారయ్య. సభ్యులిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని రాసుకున్నారు. మరి మీరెవరు అని అడిగారు. ఈ పెద్దమనుషులతోపాటు వచ్చానండి అన్నాడు. అయిదు మార్కులు ఎక్కువ పడ్డాయి. ఇంజను స్టార్టు చెయ్యడం మాత్రం సిలబస్‌లో లేదు కాబట్టి మామూలుగానే చేశాడు.

పంటు రేవు వదిలింది. బంగారయ్య చక్రాన్ని ఒకసారి అటు తిప్పాడు, ఒకసారి ఇటు తిప్పాడు, తర్వాత దాని మీద మోచేతులు ఆనించుకుని కొంగల్ని చూశాడు. నడి నదిలోకి వచ్చేసరికి పంటు అడ్డం తిరిగింది. అది పాటు వేళ. సముద్రం నీళ్లను వెనక్కి లాక్కునే వేళ. పంటు మూలలంక వైపు పోవడం మానేసి, నీళ్లతోపాటు మొగ వైపు, అంటే నది సముద్రంలో కలిసే చోటికి, నింపాదిగా బయల్దేరింది.

అద్భుతం అన్నారు పరంజ్యోతిగారు. తన సర్వీసులో ఇంత శుద్ధమైన విస్మరణ చూడలేదన్నారు. రెండో సభ్యుడు ఫొటోలు తీశాడు. మూడో సభ్యుడు దూరంగా తెల్లగా లేస్తున్నదేమిటని పక్కనున్న కొబ్బరి వర్తకుణ్ణి అడిగాడు. సముద్రమండి అన్నాడు వర్తకుడు.

కాసేపటికి పరంజ్యోతిగారు గొంతు సవరించుకుని, బంగారయ్యగారూ, పరీక్ష సంతృప్తికరంగా ముగిసినది, ఇక గుర్తు తెచ్చుకోవచ్చు అన్నారు.

"ఆయ్, కాయితం ఉంటే బాగుంటదండి," అన్నాడు బంగారయ్య. "నోటి మాట మీద గుర్తొత్తే మార్కులన్నీ పోతాయని తమరే రాసిచ్చారు గదండీ. దసరా పది రోజుల్లో ఉందండి."

అందులో న్యాయం ఉందని కమిటీకి కూడా తోచింది. అక్కడికక్కడే సమావేశం పెట్టారు. సభ్యులు ముగ్గురూ ఉన్నారు కాబట్టి కోరం సరిపోయింది. స్మరణకు అనుమతి ఇవ్వవచ్చునా, ఇస్తే పూర్తిగానా పాక్షికంగానా అన్నది చర్చకు వచ్చింది. పూర్తిగా ఇస్తే ఎనిమిది వారాల శ్రమ వృథా అవుతుందని రెండో సభ్యుడు అభ్యంతరం చెప్పాడు. మూడో సభ్యుడు కెరటాలను చూసి, అభ్యంతరాన్ని నమోదు చేసి ముందుకు పోదామన్నాడు. పరంజ్యోతిగారు రాశారు: 'అభ్యర్థికి ఇరవై నిమిషముల కాలపరిమితికి లోబడి, మూలలంక గట్టు చేరువరకు మాత్రమే, తాత్కాలిక స్మరణానుమతి మంజూరు చేయడమైనది. గట్టు చేరిన తక్షణమే సదరు జ్ఞాపకములను తిరిగి అప్పగించవలెను.' పీఠం ముద్ర చింతలరేవులో కారులో ఉండిపోయింది. ఇంజను మసి బొటనవేలికి రాసుకుని వేలిముద్ర వేశారు.

బంగారయ్య కాగితాన్ని రెండుసార్లు చదివాడు. మడిచి జేబులో పెట్టుకున్నాడు. తమలపాకు ఉమ్మేశాడు. చక్రం రెండు చేతులా పట్టుకుని గట్టు వైపు చూశాడు.

ఏమీ రాలేదు.

గట్టు మీద ట్యాంకుంది. టవరుంది. మిల్లు గొట్టముంది. అన్నీ ఉన్నాయి, వాటిలో దేనితోనూ ఆయనకి పనేమిటో తెలియలేదు. చెట్ల మధ్య ఎవరో మర్చిపోయి వదిలేసిన సామానులాగా కనపడ్డాయి. ఇది నటన కాదు. ఎనిమిది వారాలు మనసుపెట్టి చదివిన చదువు ఒంటికి పట్టింది. చేతులు చక్రం మీద ఉన్నాయి, ఎటు కదలాలో వాటికీ తెలియలేదు. నవ్వుదామని చూశాడు, రాలేదు. వెనక అరవై ముగ్గురున్నారు. అందులో వరాలమ్మ ఉంది.

మొదటి స్థానంలో పాసయిన ఆ విద్యార్థి మెల్లిగా వెనక్కి తిరిగాడు. దగ్గరగా ఉన్నది లోవమ్మే.

"లోవమ్మా, నాకేం తెలీటం లేదే," అన్నాడు.

పాతికేళ్లలో మొదటిసారి లోవమ్మ నెత్తి మీది తట్ట దించింది. "తెలీపోడం ఏటి? ట్యాంకు టవరెనక్కి ఎల్లేదాకా ఎడం పట్టని రోజూ నువ్వే గదా మా చెవులు కోసేది. పట్టు ఎడం," అంది.

బంగారయ్య ఎడమ పట్టాడు. పంటు ఒళ్లు విరుచుకున్నట్టు మెల్లగా తిరిగింది. ఇప్పుడు చర్చి శిలువ చూసుకో సరంగూ అని కొబ్బరి వర్తకుడన్నాడు. శిలువ గొట్టం మీదికి ఇంకా రాలేదు, తొందరపడకు అని కోర్టు అన్నదమ్ముల్లో పెద్దవాడు ఈ చివరనుంచి, వచ్చింది వచ్చింది అని చిన్నవాడు ఆ చివరనుంచి అన్నారు. కొలిచి చూస్తే ఇద్దరి మాటలకీ మధ్య సరైన చోటు దొరికింది. బడిపంతులమ్మ నీళ్ల రంగు చూసి ఇసక మేట ఎక్కడుందో చెప్పింది. మొన్ననే కాపరానికి వచ్చిన కొత్త పెళ్లికూతురు కూడా, నిండా పది దాట్లు వేసి ఉండదు, ఇక్కడ ఇంజను తగ్గిస్తారు గదండీ అని సిగ్గుపడుతూ గుర్తు చేసింది. ముప్ఫై రెండేళ్లు ఆయన గాలిలోకి వేసిన కేకలన్నీ అరవై మూడు నోళ్లలోంచి ఒక్కొక్కటిగా తిరిగొచ్చాయి. బంగారయ్య బుద్ధిగా, మొదటి రోజు బడికొచ్చిన పిల్లాడిలాగా, ఎవరేం చెబితే అది చేశాడు. సగం దారి దాటాక ఆయన చేతులు వాళ్లు చెప్పేదానికంటే కొంచెం ముందుగా కదలడం మొదలుపెట్టాయి. ఆ సంగతి వరాలమ్మ ఒక్కతే చూసింది. చూసి, అనుమతి కాగితంలో గడువు ఇంకా ఏడు నిమిషాలుందని మొగుడికి సైగ చేసింది.

పంటు మూలలంకలో ఆగింది. పరంజ్యోతిగారు గట్టు మీద చాలాసేపు కూర్చుని, తిరుగు ప్రయాణం రోడ్డు మీదుగా, ఎనభై మైళ్లు చుట్టు తిరిగి చేస్తామన్నారు.

నాలుగో రోజున నివేదిక వచ్చింది. అభ్యర్థి కొల్లాటి బంగారయ్య స్మరణానుమతి పొందిన తర్వాత సైతం ఏమియు గుర్తు తెచ్చుకోలేకపోయినందున, ఇది పీఠం చరిత్రలో తొలి సంపూర్ణ విస్మరణగా పరిగణించి, నూటికి నూరు మార్కులతో పట్టా ప్రదానం చేయడమైనదని మొదటి పేరాలో ఉంది. చుక్కాని ఆయనకే ఉంటుంది. వరాలమ్మ ఆ పేరా రెండుసార్లు చదువుకుని, కొబ్బరికాయ కొట్టింది.

రెండో పేరా కాస్త గంభీరంగా ఉంది. తనిఖీ సందర్భంగా సదరు పంటులోని అరవై ముగ్గురు ప్రయాణికుల వద్ద ఎట్టి పట్టా లేని జలయాన పరిజ్ఞానం పెద్దయెత్తున నిల్వ ఉన్నట్టు బయటపడిందని, ఇది ప్రజాభద్రతకు తీవ్ర ప్రమాదమని, ఇకమీదట విస్మరణ కోర్సులో చేరి గుర్తింపు కార్డు చూపినవారికే పంటు టికెట్టు ఇవ్వవలెనని అందులో రాశారు. జిల్లాలో అధికారికంగా ఏమీ తెలియని ఏకైక సరంగు బంగారయ్యే కాబట్టి, ఆయననే బోధకుడిగా నియమించారు.

నది దాటకపోతే ఎవరికీ గడవదు. అందరూ చేరారు. క్లాసు ఎక్కడో పెట్టడం కుదరక పంటు మీదే పెట్టారు. దసరా వెళ్లిన సోమవారం మొదటి దాటులో అరవై ముగ్గురూ మెళ్లో కార్డులతో నిలబడ్డారు. ఫోను లాంచీ అద్దానికి కట్టి ఉంది. తెర మీద పరంజ్యోతిగారు ఆఫీసులో కూర్చుని చూస్తున్నారు. కెమెరాకి అందరి మొహాలూ భుజాలవరకు కనపడుతున్నాయి.

పంటు రేవు వదిలింది. బంగారయ్య సిలబస్ ప్రకారం మొదటి ప్రశ్న అడిగాడు. ఈ నది గురించి మీకేమి తెలుసు?

"ఏమీ తెలీదండి," అన్నారు అరవై ముగ్గురూ, ఒక్క గొంతుతో.

నీరు ఎటు పోవుచున్నది?

"చెప్పలేమండి."

పరంజ్యోతిగారు తల ఊపి ఏదో రాసుకున్నారు. లోవమ్మ మొహంలో లోకజ్ఞానం ఛాయ కూడా లేదు. నెత్తి మీద తట్టతో గట్టు వైపు అమాయకంగా చూస్తోంది. కెమెరాకి అందని చోట, నడుము దగ్గర, ఆమె చూపుడువేలు మాత్రం ఎడమకి చాచి ఉంది. ఆమె వెనక కొబ్బరి వర్తకుడి వేలు, పంతులమ్మ వేలు, అన్నదమ్ములిద్దరి వేళ్లు, వరాలమ్మ వేలు, అన్నీ ఎడమకే ఉన్నాయి.

నాకు కూడా తెలియదు, అందరికీ నూటికి నూరు అని ప్రకటించి, బంగారయ్య చక్రాన్ని ఎడమకి తిప్పాడు.